మూడు కిలోల కుక్క... ఎనిమిది లక్షల లెక్క

యార్క్‌షైర్ టెర్రియర్ పిల్ల ధరెంత? ముందు సూటిగా చెప్పేస్తాను. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో సుమారు 50,000 రూపాయల నుంచి లక్షన్నర దాకా అడుగుతారు. ‘ఛాంపియన్ లైన్’ అన్నారంటే ఆ పైన ఎంతైనా అడుగుతారు. అమెరికాలో పేరున్న బ్రీడర్ దగ్గరైతే సుమారు 1,200 నుంచి 3,000 డాలర్లు. మీకు కావలసింది ఈ అంకె ఒక్కటే అయితే పేజీ తిప్పేయవచ్చు.

తిప్పలేదు కదా! అయితే ఒక మాట. పైన చెప్పిన అంకెలన్నీ అమ్మేవాడివి. కొనేవాడి అంకె ఇంకోటి ఉంటుంది. దాన్ని ఎవరికి వారే కాగితం మీద వేసుకోవాలి. ఇల్లు, కారు, పిల్లల కాలేజీ సీటు, ఆఖరికి ఒళ్లో పట్టే కుక్కపిల్ల... ఏది తీసుకున్నా అమ్మేవాడి అంకె దగ్గరే మనం ఆగిపోతాం. అక్కడ ఓ ఐదు వేలు తగ్గించుకుంటే గెలిచామనుకుంటాం. ఈ అలవాటు మార్చుకోవడానికి యార్కీ బేరం మంచి సందర్భం. ఎందుకంటే ఇందులో డబ్బు ఉంది, ముద్దు ఉంది, పిల్లల ఏడుపు ఉంది, పక్కింటివాళ్ల చూపు కూడా ఉంది. ఇన్నిటి మధ్య తల చల్లగా ఉంచుకోగలిగితే రేపు ఫ్లాటు కొనేటప్పుడూ ఉంచుకోగలరు.

ఇంతకీ యాభై వేలకూ లక్షన్నరకూ మధ్య అంత తేడా ఎందుకు? వ్యాపారంలో వినిపించే మాటలు కొన్ని తెలిస్తే సగం అర్థమవుతుంది. ‘విత్ పేపర్స్’ అంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశావళి పత్రం ఉన్న పిల్ల. ‘వితౌట్ పేపర్స్’ అంటే ఆ పత్రం లేని పిల్ల, కొంచెం చవక. ‘షో క్వాలిటీ’ అంటే పోటీలకు పనికొస్తుందని, ‘పెట్ క్వాలిటీ’ అంటే ఇంట్లో పెంచుకోవడానికి చాలని. రెండో మాట విని చిన్నబుచ్చుకోకండి. మీరు పోటీలకు తీసుకెళ్లబోవడం లేదు. బొచ్చు రంగు ఓ పిసరు తేడా ఉన్నంత మాత్రాన ఆ పిల్ల మిమ్మల్ని తక్కువగా ప్రేమించదు. ఇక ‘ఇంపోర్టెడ్ పప్’ అన్న మాట వినగానే చెవులు నిక్కబొడుచుకోవాలి. అమ్మకం కోసం, బ్రీడింగ్ వ్యాపారం కోసం విదేశాల నుంచి కుక్కల్ని తెప్పించుకోవడంపై 2016 ఏప్రిల్ నుంచే మన దేశంలో ఆంక్షలున్నాయి. కాబట్టి ‘ఏ అనుమతి మీద వచ్చింది? కాగితం చూపించండి’ అనడం మీ హక్కు. అడిగి చూడండి, చాలాచోట్ల ఇంపోర్టెడ్ పప్ కాస్తా ‘వాళ్ల తాత ఇంపోర్టెడ్ సార్’ దాకా దిగివస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. ‘డబుల్ కోట్ పిల్ల సార్, రేటు అందుకే’ అన్నాడనుకోండి. డబుల్ కోట్‌కు కావలసిన లోపలి ఉన్ని పొర యార్కీకి ఉండదు. పట్టులా జారే ఒకే వరస వెంట్రుకలు, మన జుట్టులాగే పెరుగుతూ పోతాయి. పుట్టినప్పుడు ఒళ్లు నలుపు, మూతీ కాళ్లూ గోధుమ రంగు. ఆ నలుపు ఉక్కు నీలంలోకి మారడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఏళ్లు కూడా. రెండు నెలల పిల్ల అప్పుడే వెండిలా మెరుస్తోందంటే అది ‘రేర్ కలర్’ కావడం కంటే ఇంకేదో కలిసిన పిల్ల కావడానికే అవకాశం ఎక్కువ. ఇంత మాత్రం తెలుసుకుని వెళ్తే చాలు, ఎదుటివాడు మీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

చిన్నదైతే పెద్ద ధరా?

ఇప్పుడు అసలు మాయ దగ్గరికి వద్దాం. ‘టీకప్ యార్కీ’. అరచేతిలో పట్టే పిల్ల, పక్కన ఓ కాఫీ కప్పు, తలమీద ఎర్ర రిబ్బను. ఈ ఒక్క ఫొటోతో ధర రెట్టింపవుతుంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ప్రకారం యార్కీ బరువు ఏడు పౌండ్లు దాటకూడదు, అంటే సుమారు 3.2 కిలోలు. అంతే తప్ప ‘టీకప్’ అనే తరగతి అమెరికాలో లేదు, బ్రిటన్‌లో లేదు, మన దేశంలోనూ లేదు. అది మార్కెట్ కనిపెట్టిన పేరు.

కిలో, కిలోన్నర దగ్గర ఆగిపోయే కుక్క ఎలా వస్తుంది? బాగా చిన్నవాటినే జత కట్టిస్తూ పోతే వస్తుంది. లేదా ఈతలో సరిగా ఎదగని బలహీనమైన పిల్లకు ఆ పేరు తగిలిస్తారు. మూడో దారి మరీ అన్యాయం. ఐదు వారాల పిల్లను తొమ్మిది వారాలదని చెప్పి అమ్మేస్తారు. తల్లి పాలు మానని పిల్ల కాబట్టి చిన్నగానే ఉంటుంది, మనం ‘అబ్బ, ఎంత బుజ్జిదో’ అని మురిసిపోతాం. మన దేశంలో 2017 నాటి కుక్కల బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మంచి బ్రీడర్లు యార్కీ వంటి బుల్లి జాతుల్ని పది పన్నెండు వారాల దాకా తల్లి దగ్గరే ఉంచుతారు. పశువైద్యుడు నోరు తెరిచి పళ్లు చూస్తే వయసు ఇట్టే తేలిపోతుంది.

ఇంత చిన్న ఒంటికి నిల్వ శక్తి ఉండదు. ఒక పూట తిండి తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతుంది, తూలుతుంది, మూర్ఛ వస్తుంది. సోఫా మీంచి దూకితే ముందు కాలు ఎముక విరగవచ్చు. మత్తు ఇవ్వాలంటే డాక్టరే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. మామూలు సైజు యార్కీలకే కొన్ని ఇబ్బందులు జాతిలో ఉన్నాయి. మోకాలి చిప్ప జారడం, శ్వాసనాళం మెత్తబడి పొడిదగ్గు రావడం, పాలపళ్లు ఊడక రెండు వరసలై చిగుళ్లు పాడవడం. పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలోకి వెళ్లకుండా పక్కదారి పట్టే పుట్టు లోపం కూడా ఈ జాతిలో ఎక్కువ. దాన్ని ముందే పట్టుకోవడానికి బైల్ యాసిడ్స్ అనే రక్తపరీక్ష ఉంది. పరీక్ష చేయించి రిపోర్టు చేతికిచ్చే బ్రీడర్ పది వేలు ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. టీకప్ పేరు చెప్పి యాభై వేలు ఎక్కువ అడిగేవాడికి మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి. ఆ యాభై వేలతో మీరు కొనేది జబ్బు.

ఇందులో మన మనసు సంగతి కూడా ఉంది. నలుగురూ ‘అబ్బ, ఎక్కడ కొన్నారండీ?’ అనాలన్న కోరిక మనందరిలో ఉంది, నాలోనూ ఉంది. తప్పేం కాదు. కానీ ఆ మాట ఎంతకాలం వింటాం? ఓ నెల. యార్కీ బతికేది పదకొండు నుంచి పదిహేనేళ్లు.

మీ అంకె వేసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే. ఆలుమగలిద్దరూ పక్కపక్కన కూర్చుంటే ఇంకా మంచిది.

మూడు కిలోల కుక్క రోజుకు అరవై డెబ్భై గ్రాముల పొడి ఆహారం తింటుంది. నెలకు రెండు కిలోలు. బ్రాండును బట్టి 1,500 నుంచి 2,000 రూపాయలు. బొచ్చు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి నెలా నెలన్నరకోసారి గ్రూమింగ్. స్నానం, కటింగ్, గోళ్లు, చెవులు కలిపి ఓ 1,500 అనుకోండి. పేలు, గోమార్లు రాకుండా మందు, నులిపురుగుల మందు కలిపి నెలకు 600. మన ఊళ్లలో గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కుక్కల్ని గట్టిగానే దెబ్బతీస్తుంది, దీన్ని దాటేయవద్దు. ఏటా వేయించే టీకాలు, ఎప్పుడైనా వాంతులూ విరేచనాలూ, మూడు నాలుగేళ్లకోసారి మత్తిచ్చి పళ్లు శుభ్రం చేయించడం... అన్నీ పన్నెండు నెలలకు పంచితే మరో వెయ్యి. మొత్తం అటూఇటూగా నెలకు 5,000.

ఏడాదికి 60,000. పన్నెండేళ్లకు 7,20,000. కొన్న లక్షా కలిపితే 8,20,000. అంటే మీరు గంటన్నర బేరమాడిన ఆ లక్ష మొత్తం ఖర్చులో నూటికి పన్నెండు రూపాయలే! మిగతా ఎనభై ఎనిమిది రూపాయల గురించి మనం ఎవర్నీ అడగం. ఈ లెక్కలో పెద్ద ఆపరేషన్ లేదు, మే నెల కరెంటు బిల్లు లేదు. సంక్రాంతికి ఊరెళ్తే నాలుగు రోజులు బోర్డింగ్‌లో పెట్టే ఖర్చూ లేదు.

ఈ లెక్క చూసి బెదిరిపోమని కాదు. నెలకు 5,000 సులువుగా తీయగల ఇళ్లు చాలానే ఉన్నాయి. అలాంటివారు ధైర్యంగా కొనుక్కోండి. చిక్కల్లా లక్ష అప్పు చేసి తెచ్చి, ఆ తర్వాత టీకాకు వెయ్యి రూపాయలు తీయడానికి మూలిగేవాళ్లతోనే. ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టు ఉంటుంది ఆ వ్యవహారం. ఒక చిట్కా చెబుతాను. కొనాలనుకున్న రోజు నుంచి ఆరు నెలలపాటు నెలకు 5,000 విడిగా ఒక ఖాతాలో వేయండి. వేయగలిగితే మీకు స్తోమత ఉన్నట్టే, పైగా చేతిలో 30,000 అత్యవసర నిధి కూడా ఉంటుంది. మూడో నెలకే ఆగిపోతే కుక్కకు కష్టం తప్పించినవారవుతారు.

‘ఇంకో పార్టీ వస్తోంది సార్’

సరే, లెక్క కుదిరింది, పిల్లను చూడ్డానికి వెళ్లారు. అక్కడ సీను సాధారణంగా ఇలా ఉంటుంది. గేటు దగ్గరే పిల్లను తెచ్చి మీ పాప చేతుల్లో పెట్టేస్తారు. అది పాప మెడ నాకుతుంది. పాప మీవైపు చూస్తుంది. ‘అన్నా, లాస్ట్ పీస్. సాయంత్రం గచ్చిబౌలి నుంచి ఇంకో పార్టీ వస్తోంది. ఇప్పుడు పది వేలు టోకెన్ కొడితే ఆపేస్తా’ అంటాడు.

ఇక్కడే మన మొహమాటం బయటపడుతుంది. ‘పాపం అంతసేపు చూపించాడు, ఏం తీసుకోకుండా ఎలా వెళ్తాం?’ అనిపిస్తుంది. చీరల కొట్లో ముప్ఫై చీరలు విప్పించి ‘మళ్లీ వస్తాం’ అని లేవగలిగిన మనం ఇక్కడ లేవలేం. ఎందుకంటే చీర మన మెడ నాకదు.

కాబట్టి పిల్లను చేతిలోకి తీసుకునే ముందే అడగాల్సినవి అడిగేయండి. తల్లి ఏది? ఇది మొదటి ప్రశ్న. ఈ జాతి పుట్టిన ఇంగ్లాండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని మధ్యవర్తులు అమ్మడం నిషిద్ధం. పుట్టినచోటే, తల్లి పక్కన ఉండగా చూసి కొనుక్కోవాలి. మన దగ్గర ఆ నిషేధం లేదు కాబట్టి ఆ పని మనమే చేయాలి. ‘తల్లి ఊళ్లో ఉంది’, ‘ఫాంహౌస్‌లో ఉంది’ అంటే ‘అయితే అక్కడికే వెళ్దాం పదండి’ అనండి. తల్లి బక్కచిక్కి, చూడగానే మూలకు నక్కిందంటే ఆ పిల్ల గురించి ఇంకేం అడగనక్కర్లేదు.

రెండోది, రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర బ్రీడర్‌గా రిజిస్టరయ్యారా? 2017 నిబంధనల్లో ఇది తప్పనిసరి. మూడోది టీకా పుస్తకం. దాన్ని తెరిచి చూడండి. సీసా మీద ఉండే స్టిక్కర్ ఒలిచి అంటించి ఉండాలి, దాని మీద బ్యాచ్ నంబర్, పక్కన డాక్టరు సంతకం, తేదీ ఉండాలి. బాల్‌పెన్నుతో ‘వ్యాక్సిన్ డన్’ అని రాసి ఉందంటే అసలు టీకా పడలేదనే అనుకోండి. పార్వో వైరస్ సోకిన పిల్ల ఇంటికొచ్చిన నాలుగో రోజే సెలైన్ ఎక్కుతుంది. కాగితాలున్న పిల్ల అన్నారనుకోండి, మైక్రోచిప్ నంబర్ పత్రంలో ఉన్నదీ, పిల్ల ఒంట్లో ఉన్నదీ ఒకటేనా అని స్కానర్‌తో చూపించమనండి.

ఇవన్నీ అడిగితే ‘మీరు కొనేవాళ్లలా లేరు’ అని విసుక్కునేవాడు ఉంటాడు. మంచిదే, వాడి దగ్గర కొనవద్దని వాడే చెప్పేశాడు. నిజమైన బ్రీడరైతే ఎదురు ప్రశ్నలు వేస్తారు. పగలంతా ఇంట్లో ఎవరుంటారు? బాల్కనీ గ్రిల్లు సందులెంత? చిన్నపిల్లల వయసెంత? మన డబ్బు మనం ఇస్తూ ఈ ఇంటర్వ్యూ ఏమిటని చిరాకుపడకండి. తన దగ్గర పుట్టిన పిల్ల ఎక్కడికి వెళ్తోందో పట్టించుకునే మనిషి మీకు దొరికాడని సంతోషించండి.

బేరం ఆడాలని ఉంటే ఆడండి, కానీ ధర మీద కాదు. ‘మీరు అడిగినంతే ఇస్తాను. మూడు రోజుల్లో నా డాక్టరుకు చూపిస్తాను. పుట్టు లోపం ఏదైనా బయటపడితే పిల్లను వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయాలి. ఇది రసీదు మీద రాసివ్వండి.’ ఐదు వేలు తగ్గించుకోవడం కంటే ఈ నాలుగు వాక్యాలు రాయించుకోవడం ఎన్నో రెట్లు లాభం. అన్నట్టు, యార్కీ పిల్లల పేరుతో ఆన్‌లైన్ మోసాలు కూడా జోరుగానే సాగుతున్నాయి. ముందు అడ్వాన్సు, తర్వాత విమానం బోను డబ్బులు, ఆ తర్వాత ఇన్సూరెన్సు... డబ్బు వెళ్తూనే ఉంటుంది, పిల్ల మాత్రం రాదు. ధర మరీ తక్కువగా ఉండి, వీడియో కాల్‌లో పిల్లను చూపించడానికి సాకులు చెబుతుంటే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి.

బొమ్మ కాదు, టెర్రియర్

కొన్నాక వచ్చే చికాకుల్లో చాలావాటికి కారణం ఒకటే. తెచ్చుకున్నది ఏ కుక్కో తెలియకపోవడం. యార్కీ పుట్టింది దివాన్ల మీద కాదు. పందొమ్మిదో శతాబ్దం నడుమ స్కాట్లండ్ నుంచి పని వెతుక్కుంటూ యార్క్‌షైర్, లాంకషైర్ మిల్లులకు వలస వచ్చిన కార్మికుల వెంట వచ్చిన చిన్న టెర్రియర్ల సంతతి ఇది. పని ఎలుకల్ని పట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో స్మోకీ అనే యార్కీ ఉండేది, బరువు నాలుగు పౌండ్లు. 1944లో న్యూగినీ అడవిలో దొరికితే బిల్ విన్ అనే అమెరికన్ సైనికుడు పెంచుకున్నాడు. ఫిలిప్పీన్స్‌లోని లింగాయెన్ దగ్గర వైమానిక స్థావరం కింద డెబ్భై అడుగుల పొడవున్న సన్నటి గొట్టంలోంచి టెలిఫోన్ తీగ లాగాల్సి వచ్చింది. ఆ తీగకు కట్టిన దారాన్ని మెడపట్టీకి తగిలించుకుని స్మోకీ ఈ చివర నుంచి ఆ చివరకు దూరి వెళ్లింది. లేకపోతే రన్‌వే తవ్వాల్సి వచ్చేది.

అలాంటి రక్తం మీ ట్రిపుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఏం చేస్తుంది? లిఫ్ట్ చప్పుడైతే మొరుగుతుంది. స్విగ్గీ అబ్బాయి వస్తే మొరుగుతుంది. తనకంటే పదింతలున్న కుక్క మీదికి దూకబోతుంది. రోజూ నడక కావాలి, మాట వినడం నేర్పాలి, పళ్లు తోమాలి, దువ్వాలి. మెడపట్టీ బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వేస్తే శ్వాసనాళానికి మంచిది. ఎండాకాలం బొచ్చు పొట్టిగా కత్తిరించాలి. ఇంట్లో మూడు నాలుగేళ్ల పిల్లలుంటే కొన్నాళ్లు ఆగడమే నయం. వాళ్లు ముద్దుగా ఎత్తుకుని జారవిడిస్తే దాని కాలు విరుగుతుంది.

పదేళ్ల బాబు ‘నేను చూసుకుంటా నాన్నా, ప్రామిస్’ అన్నాడా? ఆ మాటను కొట్టిపారేయకండి, పరీక్షించండి. నెల రోజులు ఉదయం ఆరింటికి లేచి ఇరవై నిమిషాలు నడిచి రమ్మనండి, వాన పడినా సరే. మీరూ వెంట వెళ్లండి. పదో రోజుకు వాడు దుప్పటి లాక్కున్నాడంటే రేపు ఆ ఆరు గంటల డ్యూటీ ఎవరిదో వాళ్లమ్మకు ఇప్పుడే తెలిసిపోతుంది. కొనాలా వద్దా అన్న మాటలో ఆవిడ ఓటుకే విలువ ఎక్కువ ఉండాలి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. పిల్లకు 2,000 డాలర్లు పెట్టడం అక్కడ చాలామందికి బరువు కాదు. కానీ రెండేళ్లకోసారి ఆరు వారాలు ఇండియా వస్తారు కదా. రోజుకు యాభై డాలర్ల బోర్డింగ్ అనుకున్నా 42 రోజులకు 2,100 డాలర్లు. ప్రతి ప్రయాణానికీ ఇంకో యార్కీ కొన్నంత! వీసా మాట తేలక తిరిగి రావలసి వస్తే దాన్ని వెంట తెచ్చుకోవచ్చు. అయితే టీకా రికార్డులు, ఆరోగ్య ధ్రువపత్రం, క్వారంటైన్ అధికారుల అనుమతి పత్రం అన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. అక్కడ షెల్టర్లలో, జాతివారీ రెస్క్యూ సంస్థల్లో పెద్ద వయసు యార్కీలు కొన్ని వందల డాలర్లకే దొరుకుతాయి. ఐదారేళ్ల కుక్కకు అలవాట్లు కుదురుకుని ఉంటాయి. నన్నడిగితే ఉద్యోగాలు చేసే దంపతులకు పిల్ల కంటే అదే నయం.

ఇక్కడ అలాంటి యార్కీ దొరకడం అరుదు. కానీ షిట్జూలు, పగ్‌లు, లాబ్రడార్లు కొన్నవాళ్లే వదిలేసినవి జంతు సంక్షేమ సంస్థల దగ్గర ఉంటాయి. ఇక మన వీధి కుక్కపిల్ల ఉండనే ఉంది. ఎండకు ఓర్చుకుంటుంది, గ్రూమింగ్ ఖర్చుండదు, తెలివికి లోటులేదు. అది చాలనిపిస్తే టీకాలు వేయించి ఇంటికి తెచ్చుకోండి. కాదు, యార్కీయే కావాలంటే అదీ మీ ఇష్టమే. మీ డబ్బు, మీ ఒడి. ఒక్కటే విన్నపం. ఈ ఆదివారం మొదటిసారి పిల్లను చూడ్డానికి వెళ్తున్నారా? పాపను ఇంట్లోనే ఉంచి, ఫోన్‌పే ఉన్న ఫోన్ మీ ఆవిడకిచ్చి వెళ్లండి.